"అన్ని సిస్టమ్స్‌లోనూ నడిచే ఫ్లాపీలు" కొనేముందు ఇది చదవండి: ఎంబ్రాయిడరీ షాపుల వాళ్లకు జాగ్రత్త

మాది పాలకొల్లులో బ్లౌజుల మీద కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వేసే చిన్న షాపు. మెషిన్ సెకండ్ హ్యాండ్‌ది. పెన్‌డ్రైవ్ పెట్టే వీలు లేదు, డిజైన్ ఫ్లాపీలోనే (పాత కంప్యూటర్లలో ఫైళ్లు దాచే పలుచటి చదరపు డిస్కు) ఇవ్వాలి. శ్రావణ మాసం ముందు ఉన్న ఫ్లాపీలు మొరాయించాయి. ఆన్‌లైన్‌లో ఒకాయన దగ్గర పది ఫ్లాపీలు 1,800 రూపాయలు పెట్టి తెప్పించాం. "కొత్తవి, ఫార్మాట్ చేసినవి, విండోస్, లినక్స్, మ్యాక్, ఏ మెషిన్‌లోనైనా నడుస్తాయి" అని రాశాడు.

లాప్‌టాప్‌లో బాగానే తెరుచుకున్నాయి, డిజైన్లు కాపీ అయ్యాయి. మెషిన్ మాత్రం ఒక్కటీ చదవలేదు. చేతిలో పదకొండు పెళ్లి బ్లౌజులున్నాయి. ఆ రెండు రోజుల టెన్షన్ చెప్పలేను.

మా మెషిన్‌కు 720 కేబీ ఫ్లాపీ కావాలి. వచ్చినవన్నీ 1.44 ఎంబీకి ఫార్మాట్ చేసినవి. రెండింటిలోనూ ఫైళ్లను అమర్చే పద్ధతి ఫ్యాట్12 అనేదే, కానీ ఒక్కో ట్రాక్‌లో (డిస్కు మీది గుండ్రటి వరస) 720కి 9 సెక్టార్లు (ముక్కలు), 1.44కి 18. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "మళ్లీ ఫార్మాట్ చేసుకోండమ్మా, అంతే" అన్నాడు. లాప్‌టాప్‌కు తగిలించే మా యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ 720కి ఒప్పుకోలేదు. అలాంటివి కొన్ని 1.44కే పనికొస్తాయని అప్పుడే తెలిసింది.

అసలు మోసం మా మరిది పట్టుకున్నాడు. 720 ఫ్లాపీకి ఒక మూలే కన్నం ఉంటుంది, అది రాయకుండా ఆపే మీటది. 1.44 దానికి రెండో మూల కూడా కన్నం ఉంటుంది, డ్రైవ్ దాన్ని చూసే రకం తెలుసుకుంటుంది. మా పదింటిలో నాలుగింటికి ఆ రెండో కన్నం అంచులు గరుకుగా, డ్రిల్లు పెట్టి వేసినట్టున్నాయి. అంటే మాకు కావలసిన 720 ఫ్లాపీలకే కన్నాలు వేసి, 1.44గా ఫార్మాట్ చేసి అమ్మాడు. ఒకదాని లేబుల్ కింద మ్యాక్ అని రాసిన పాత లేబుల్ కనిపించింది. కొత్తవన్నది కూడా అబద్ధమే. యాపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటర్ల పాత 800 కేబీ ఫార్మాట్‌ను మామూలు పీసీ డ్రైవ్ చదవలేదు, మోటారు వేగం మార్చుకుంటూ రాసే పద్ధతి అది. ఇక అన్ని సిస్టమ్స్‌లో నడిచే ఫార్మాట్ ఎక్కడిది?

మా మరిది ఆ కన్నాలకు టేపు వేసి, లోపలే ఫ్లాపీ డ్రైవ్ ఉన్న పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ పెట్టి, ఎఫ్‌డీఫార్మాట్ అనే ప్రోగ్రామ్‌తో 720కి పూర్తిగా ఫార్మాట్ చేసి, ఆపైన ఫ్యాట్ వేశాడు. నాలుగింటిలో రెండే నిలిచాయి. క్విక్ ఫార్మాట్ ఇక్కడ పనికిరాదు, అది సెక్టార్లను కొత్తగా గీయదు. ఫైల్ పేరు కూడా ఎనిమిది ఇంగ్లిష్ అక్షరాలు దాటనివ్వకండి.

కొనేముందు రెండు మూలల ఫొటోలు దగ్గరగా తీయించుకోండి. సోనీయే 2011లో జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది, కాబట్టి "కొత్త సరుకు" అంటే ఎన్నేళ్ల నిల్వో అడగండి. మన చెమ్మకు లోపల బూజు పడుతుంది. ఫ్లాపీ మీది జారే రేకు మూత పక్కకు జరిపి చూడండి, తెల్ల మచ్చలుంటే డ్రైవ్‌లో పెట్టొద్దు, డిస్కును చదివే హెడ్ పాడవుతుంది.

డబ్బు ఇంకా తిరిగి రాలేదు. నరసాపురం, భీమవరం, తణుకు వైపు ఎవరి దగ్గరైనా కన్నం వేయని 720 ఫ్లాపీలు ఉంటే చెప్పండి, వచ్చి మెషిన్‌లో పెట్టి చూసుకుని తీసుకుంటాం.