తాడోబాలో రెండు సఫారీలు, ఒక పాత జిప్సీ

మే నెలలో మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవికి వెళ్తున్నామంటే మా పెదనాన్న అడిగింది ఒక్కటే. "లోపల తిప్పే బండి ఏంట్రా?" జిప్సీ అన్నాను, మారుతి వాళ్ల జీపులాంటి బండి. "అయితే నేనూ వస్తా" అన్నాడు. ఆయన ఆర్మీలో బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో మెకానిక్‌గా పదిహేడేళ్లు చేసి వచ్చాడు. అందులో సగం జిప్సీల కిందే గడిపానంటాడు. పులి ఆయనకు రెండో సంగతి.

హైదరాబాద్ నుంచి మంచిర్యాల, ఆసిఫాబాద్ మీదుగా చంద్రపూర్ చేరాం. తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి అందుకోవచ్చు. దారిలో టీ కొట్టు దగ్గర కూడా పులి కబుర్లే. తాడోబా వైపు చోటు చాలక పులులు నదులు దాటి మన ఆసిఫాబాద్ అడవుల్లోకి వస్తున్నాయి కదా మరి. చంద్రపూర్‌లో కారు దిగగానే ఎండ మొహాన కొట్టింది. రామగుండం వాళ్లు కూడా దండం పెట్టే ఎండ అది.

మొదటి రాత్రి ఒక రిసార్టులో ఉన్నాం. ఏసీ, ఈత కొలను, బఫే అన్నీ ఉన్నాయి. లేనిది ఒక్కటే, పొద్దున నాలుగున్నరకి లేచి కాస్త టీ పెట్టే మనిషి. సఫారీకి వచ్చేవాళ్లకు కావాల్సింది అదే! రెండో రాత్రి మొహర్లీ గేటు దగ్గర ఒక హోమ్‌స్టేకి మారాం. కూలర్ గది, రాత్రి ఒకసారి కరెంటు పోయింది. కానీ ఇంటావిడ చీకటితోనే లేచి జొన్నరొట్టెలు, శనగపిండి కూర డబ్బాలో కట్టిచ్చింది. డబ్బులు రిసార్టులో మూడో వంతు. మళ్లీ వెళ్తే నేరుగా అక్కడికే వెళ్తాను.

బుకింగ్‌లో మాత్రం దెబ్బ తిన్నాం. ఊళ్లో ఒక ట్రావెల్స్ వాళ్లు రెండూ కోర్ సఫారీలే, అంటే అడవి నడిబొడ్డున తిరిగేవే, అని డబ్బు తీసుకున్నారు. కాగితం మీద చూస్తే ఒకటి బఫర్ గేటు, అంటే కోర్ చుట్టూ ఉండే అంచు అడవి. ఫోన్ చేస్తే "అక్కడా పులులుంటాయి సార్" అన్నారు. ఉంటాయి, నిజమే, కానీ డబ్బు కోర్‌కి కట్టాం కదా. అటవీశాఖ సైట్లో మీరే చేసుకోండి, గేటు పేరు చూసుకోండి. మంగళవారం సఫారీ ఉండదు, వానాకాలంలో కోర్ మూసేస్తారు. ఒక బండికి ఆరుగురు, వాళ్లు కాక గైడు, డ్రైవరు. ఫోన్లు లోపలికి రానివ్వరు. మొదట చిరాకేసింది, అరగంట తర్వాత మర్చిపోయాను.

బఫర్ సఫారీ మధ్యాహ్నం. బండి రాగానే పెదనాన్న మాకంటే ముందు వెళ్లి బానెట్ మీద అరచెయ్యి పెట్టాడు. తర్వాత వంగి కిందకి చూశాడు. "ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏదయ్యా?" అన్నాడు. ఇంజను శక్తిని ముందు చక్రాలకు అందించే కడ్డీ అది. డ్రైవర్ నవ్వాడు. చంద్రపూర్ గనుల వైపు తెలుగువాళ్లు చాలామందే ఉంటారు కాబట్టి అతనికి తెలుగు కాస్త వచ్చు. "మైలేజీ కోసం తీసేసినం అంకుల్" అన్నాడు. అంటే ఫోర్ వీల్ డ్రైవ్ లేని ఫోర్ వీల్ డ్రైవ్ బండి! ముందు చక్రాలకూ శక్తి మళ్లించే రెండో గేర్ రాడ్డు మాత్రం అలాగే ఉంది. పెదనాన్న దాన్ని ఒకసారి పట్టుకుని వదిలేశాడు.

వెనక సీట్లు ఎత్తు చేసి, టాప్ తీసేసి, ఇనప పైపులు కట్టిన ఆ బండిలో సుఖం గురించి మాట్లాడకూడదు. ముందూ వెనకా లారీలకుండే ఇనప పట్టీల కమాన్ కట్టలే. ప్రతి గుంతా వెన్నెముకకి తెలుస్తుంది. వెనక వరసలో మా ఆవిడ నడుం పట్టుకుని కూర్చుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు మధ్య వరస అడగండి.

పెదనాన్నకి ఇదేం పట్టలేదు. ఆయన సర్వీసులో చేరినప్పుడు జబల్పూర్‌లో తయారైన జోంగాలనే ఆర్మీ జీపులు తిరిగేవట. బలమైన బండే కానీ ఏనుగంత బరువు, తాగుడూ అంతే. మారుతి 1985 చివర్లో తెచ్చిన మొదటి జిప్సీకి 970 సీసీ ఇంజను, 45 హార్స్‌పవర్. "ఇది కొండెక్కుతుందా అని నవ్వుకున్నాం" అన్నాడు. టన్నుకి అటూ ఇటూ బరువు కాబట్టి ఎక్కింది. బురదలో దిగబడితే నలుగురు జవాన్లు పట్టి లేపేసేవాళ్లట. లేహ్ చలికి డీజిల్ గడ్డకట్టి పెద్ద బండ్లు మొరాయిస్తుంటే ఈ పెట్రోల్ బండి ఒకటి రెండు సెల్ఫులకే లేచేదట. 1996లో 1,298 సీసీ ఇంజనుతో జిప్సీ కింగ్ వచ్చింది. 2019లో మామూలు జనానికి అమ్మడం ఆపేశారు, ఆర్మీకి మాత్రం ఆ తర్వాతా ఇచ్చారు. అడవుల్లో తిరిగేవి ఉన్నవాటినే అతుకులేసి నడిపే బండ్లు.

బఫర్‌లో పులి లేదు. దుప్పులు, ఒక ఎలుగుబంటి వీపు, బోలెడు దుమ్ము. కానీ ఎండిన వాగు దాటేటప్పుడు ఇసకలో వెనక చక్రాలు తిరుగుతుంటే పెదనాన్న "షాఫ్ట్... షాఫ్ట్..." అని గొణగడం మాత్రం మా పాప ఇప్పటికీ అనుకరిస్తుంది.

మర్నాడు పొద్దున కోర్‌కి వెళ్లాం. తాడోబా చెరువు పక్కన, గోండులు కొలిచే తారు దేవుడి గుడి దగ్గర గైడు దండం పెట్టుకున్నాడు. పులితో పోరాడి చనిపోయిన ఊరి పెద్ద అట ఆ తారు. కాసేపటికి కొండముచ్చు అరిచింది, పులి దగ్గర్లో ఉందని హెచ్చరిక. డ్రైవర్ టక్కున ఇంజన్ ఆపేశాడు. వేడెక్కిన సైలెన్సర్ టిక్ టిక్‌మనడం తప్ప చప్పుడు లేదు. నీటిగుంట దగ్గర పులి వెనక్కి తిరిగి, వీపు వైపు నుంచి మెల్లగా నీళ్లలోకి దిగి కూర్చుంది. మొహం మీద నీళ్లు పడటం ఇష్టం ఉండదట. మూడు నిమిషాలు చూశాం. అంతలో పది పన్నెండు జిప్సీలు వచ్చి ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. వాటి వెనకే ఒక క్యాంటర్, చాలామందిని ఎక్కించుకునే సఫారీ బస్సు, ఘుర్రుమంటూ వచ్చింది. పులి లేచి వెళ్లిపోయింది. క్యాంటర్ చవకే, కాదనను. కానీ ఆ డీజిల్ చప్పుడుతో అడవిలో తిరగడం నాకు నచ్చలేదు.

గేటు బయటికొచ్చాక టిప్ ఇచ్చి, డ్రైవర్‌ని కూడా మాతో భోజనానికి రమ్మన్నాం. అతను నవ్వి బండి వైపు చెయ్యి చూపించాడు. వెనక కమాన్‌ని పట్టి ఉంచే యూ బోల్టు వదులైందని పొద్దున్నుంచీ అంటున్నాడు పెదనాన్న. జిప్సీ కింద నుంచి ఆయన కాళ్లు రెండూ బయటికి ఉన్నాయి, పక్కన పానాలు పరిచి ఉన్నాయి.