సుంకాలు పెంచడమా, ఒప్పందాలు కుదుర్చుకోవడమా: గోదావరి డెల్టాకు ఏది మేలు?

"ట్రంప్ మన రొయ్య మీద సుంకం వేశాడు, మనం వాళ్ల సరుకు మీద వేస్తే తప్పేంటి?" 2025 ఆగస్టు నుంచి భీమవరం, నరసాపురం వైపు ఎవరు కలిసినా ఇదే అడుగుతున్నారు. ఆ వెంటనే రెండో ప్రశ్న: ఏటా ఇంత వాణిజ్య లోటుతో దేశం ఎలా నెగ్గుకొస్తుంది? రెండింటికీ కలిపే చెబుతాను.

ముందు లోటు. 2024-25లో మన సరుకుల ఎగుమతులు దాదాపు 437 బిలియన్ డాలర్లు, దిగుమతులు దాదాపు 720 బిలియన్లు. వినగానే గుండె ఝల్లుమంటుంది గానీ, సాఫ్ట్‌వేర్ లాంటి సేవల్లో వచ్చే మిగులు అందులో చాలా భాగాన్ని పూడుస్తుంది. ఇక దేశం వారీగా లోటు లెక్కలు వేయడమంటారా, రొయ్యల రైతుకు మేత డీలర్‌తో ప్రతి పంటకూ లోటే, రొయ్యలు కొనే ప్లాంటుతో మిగులే. డీలర్ తన దగ్గర ఏమీ కొనడం లేదని ఏ రైతూ తగువుకు వెళ్లడు.

అమెరికా చేసింది అచ్చంగా ఆ తగువే. 2025 ఏప్రిల్ 2న ప్రకటించిన ప్రతీకార సుంకాల లెక్క చూడండి. 2024లో మనతో వాళ్లకున్న సరుకుల లోటు దాదాపు 45.7 బిలియన్ డాలర్లు. మన దగ్గర వాళ్లు కొన్నది 87.4 బిలియన్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 52 శాతం, అందులో సగం 26, మన మీద ప్రకటించిన సుంకం అదే. మనం వాళ్ల సరుకు మీద ఎంత సుంకం వేస్తున్నామన్నది ఈ లెక్కలో ఎక్కడా లేదు. తర్వాత ఆగస్టు 7న 25 శాతం, రష్యా చమురు కొంటున్నామని 27న మరో 25 వేశారు. మరీ చవగ్గా అమ్ముతున్నామంటూ వేసిన పాత యాంటీ డంపింగ్ సుంకం దీనికి అదనం. ఇదే రొయ్య అమ్మే ఈక్వడార్‌కు అప్పట్లో 15 శాతమే.

అప్పటికే మన చెరువుల్లో జూన్‌లో వదిలిన సీడ్ (రొయ్య పిల్లలు) పెరిగి పట్టుబడికి దగ్గరపడింది. పంటకాలం మూడు నాలుగు నెలలు, సుంకం మారింది మూడు వారాల్లో రెండుసార్లు. ధర లేదని రొయ్యను చెరువులో ఆపుదామంటే మేత ఖర్చు, నీటికి గాలి అందించే ఏరియేటర్ల కరెంటు బిల్లు, పైన వైట్ స్పాట్ వైరస్ జబ్బు భయం. రొయ్య మేత తింటోందో లేదో చూసే చెక్ ట్రే పైకి లాగినప్పుడు మేత మిగిలి కనిపించిందంటే, జబ్బేమోనని ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. కొనేవాడు చెప్పిన రేటుకి ఇచ్చేయడమే.

సుంకాలు ఉండాలనే వాదనలో బలం లేదని నేననను. అది తెలియాలంటే డెల్టా దాటి పెదవేగి, కామవరపుకోట మెట్టకు వెళ్లి పామాయిల్ రైతును అడగాలి. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటి నుంచే వస్తుంది. ఇండోనేషియా, మలేషియా నూనె చవగ్గా దిగితే ఇక్కడ గెలల ధర పడిపోతుంది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచగానే గెలల ధర లేచింది. రైతు ఊపిరి పీల్చుకున్నాడు.

సరిగ్గా ఇక్కడే నా అభ్యంతరం. 2025 మే నెలాఖరుకి అదే సుంకం 16.5 శాతానికి దిగింది. ఏడాది కూడా నిలవలేదు. మొక్క కాపుకు రావడానికి నాలుగేళ్లు, తోట ఉండేది పాతికేళ్లు! ఢిల్లీ వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, నూనె ప్యాకెట్ ధర పెరిగితే ఇంటింటా గోల మొదలవుతుంది, ఏ ప్రభుత్వమైనా సుంకమే తగ్గిస్తుంది. అందుకే సుంకం ఎంత అన్నదానికంటే ఎన్నాళ్లు ఉంటుందన్నదే నేను ముందు చూస్తాను. ఈ పరీక్షలో సంతకాలు చేసిన ఒప్పందానికే నా ఓటు. ఏ సరుకు మీద ఏ ఏడాది ఎంత తగ్గుతుందో అందులో ముందే రాసి ఉంటుంది. తోట వేసేవాడు అది చూసుకుని దిగొచ్చు, మానొచ్చు. ఒప్పందాలూ తెగుతాయి నిజమే, కానీ ఒక నోటిఫికేషన్‌తో తెగినంత తేలిగ్గా తెగవు.

మరి ఎదురు సుంకం? రొయ్య వరకు అది మన కాలిని మనమే నరుక్కోవడం. మన చెరువుల్లో పెంచే వనామీ రొయ్య మన జాతే కాదు, 2009లో అనుమతించాక వచ్చింది. సీడ్ తీసే హేచరీలకు తల్లి రొయ్యలు ఇప్పటికీ ఎక్కువగా అమెరికా నుంచే దిగుతాయి. 2024 జులై బడ్జెట్‌లో తల్లి రొయ్యల మీద, రొయ్యల మేత మీద దిగుమతి సుంకాన్ని 5 శాతానికి తగ్గించింది మన ప్రభుత్వమే. అక్కడి నుంచి దిగుమతి ఆగితే ఇక్కడ సీడ్ రేటు పెరుగుతుంది. లోటు తగ్గిందని కాగితం మీద రాసుకోవచ్చు, అంతే.

ఎగుమతి నిషేధం గురించి కూడా అడుగుతున్నారు. 2023 జులైలో బాస్మతేతర తెల్ల బియ్యం ఆపారు, 2024 సెప్టెంబరులో వదిలారు. ఈ మధ్యలో కాకినాడ రేవును నమ్ముకున్న మిల్లర్లు, ఎగుమతిదారులు ఏమయ్యారో వాళ్లనే అడగండి. అన్నిటికంటే చెడ్డ దారి ఇదే. కొబ్బరికి మాత్రం కొంతకాలం దిగుమతి సుంకం రక్షణ ఉండాలంటాను, కోనసీమలో దింపు కూలి ఉన్న తీరుకి ఇంకో మార్గం కనపడటం లేదు.

2025 జులై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందంలో మన రొయ్యకు సుంకం సున్నా. అమెరికా అంత మార్కెట్ కాదు, అయినా మంచిదే. యూరప్ గురించి అడిగేవాళ్లకు ఒక్క మాట: అక్కడ సుంకం కంటే ల్యాబ్ రిపోర్టే గట్టి అడ్డు. 2016 నుంచి మన చెరువు రొయ్యల లోడుల్లో సగాన్ని ఆపి యాంటీబయాటిక్స్ కోసం పరీక్షించడం మొదలుపెట్టారు. అక్కడికి అమ్మాలనుకునేవాళ్లు ఢిల్లీ వైపు చూసేలోపు తాము చెరువులో ఏ మందు కలుపుతున్నారో చూసుకోవాలి.