‘కేసు రికార్డు క్లీన్ చేయిస్తాం’ అనేవాళ్లకి డబ్బు కట్టకండి: మా మేనల్లుడి వారెంటు విషయంలో జరిగింది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లల్ని గల్ఫ్‌కో సింగపూర్‌కో పంపే ప్రయత్నంలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. పోలీసు కేసు, వారెంటు, పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) అనే మూడు మాటలు ఒకేసారి ఇంట్లోకి వచ్చిపడితే ఎవరికైనా కాళ్లూ చేతులూ ఆడవు. సరిగ్గా అప్పుడే ‘మేం చూసుకుంటాం’ అనేవాళ్లు ఎదురవుతారు. మేం 38 వేలు పోగొట్టుకున్నాం. దానికంటే వృథా అయిన ఐదు నెలలే ఎక్కువ బాధ పెడుతున్నాయి, ఎందుకంటే ఆ ఐదు నెలల్లో వాడికి వచ్చిన ఉద్యోగం చేజారింది.

మా అక్కవాళ్లది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను జీడితోటల్ని, కొబ్బరితోటల్ని నేలమట్టం చేసింది. చెట్లు పోయాక గట్లు చెరిగిపోయాయి. ఎవరి హద్దు ఎక్కడిదాకా అన్న దగ్గర మా బావగారి దాయాదులతో మాటామాటా పెరిగింది. ఒకరోజు తోపులాట జరిగింది, చేతి దెబ్బలు పడ్డాయి. వాళ్లు స్టేషన్‌కి వెళ్లారు. మా మేనల్లుడి మీద ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 341, 323, 506 కింద, అంటే అడ్డగించడం, కొట్టడం, బెదిరించడం కింద కేసు పెట్టారు. స్టేషన్‌లోనే బెయిలు ఇచ్చి పంపేశారు. ఇక అయిపోయిందనుకుని వాడు చెన్నైకి పనికి వెళ్లిపోయాడు. వాడు 6జీ (పైపుల వెల్డింగులో ఒక పరీక్ష) పాసైన వెల్డరు.

కేసు అయిపోలేదు. పోలీసులు చార్జిషీటు వేశారు, కోర్టు నంబరు ఇచ్చింది, సమన్లు వచ్చాయి. ఇంటి దగ్గర వాడు లేడు. చదువురాని అక్కకి ఆ కాగితం ఏమిటో తెలియదు. వాయిదాలకి ఎవరూ వెళ్లకపోయేసరికి నాన్ బెయిలబుల్ వారెంటు (ఎన్‌బీడబ్ల్యూ) జారీ అయింది. మొన్న గల్ఫ్ కంపెనీ పీసీసీ అడిగితే పాస్‌పోర్ట్ సేవ ద్వారా అప్లై చేశాం. స్టేషన్ నుంచి వెరిఫికేషన్‌కి వచ్చిన కానిస్టేబుల్ చెప్పాడు, ‘వీడి మీద ఎన్‌బీడబ్ల్యూ పెండింగ్‌లో ఉందమ్మా’ అని. ఆ రాత్రి అక్క ఫోన్ చేసి, ‘తమ్ముడూ, ఏటైపోద్దిరా వీడి బతుకు’ అని ఏడ్చింది. ఆ కంగారులోనే మేం తప్పు మనిషి దగ్గరికి వెళ్లాం.

ఆయన ఎవరో, ఆఫీసు ఎక్కడో రాయడం లేదు. ఫిర్యాదు ఇచ్చాం, విచారణ జరుగుతోంది. బోర్డు మీద ‘లీగల్ సర్వీసులు, పీసీసీ, పాస్‌పోర్ట్, కేసు క్లియరెన్స్’ అని ఉంటుంది. కుర్చీ వెనక మేకుకి నల్లకోటు వేలాడుతూ ఉంటుంది. ఆయన ఆ కోటు వేసుకోగా నేను ఒక్కసారీ చూడలేదు. నిజమైన వకీలుకి బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఉంటుంది, వకాలత్ (మన తరఫున వాదించమని ఇచ్చే కాగితం) మీద సంతకం పెట్టించుకుంటారు. ఈయన వకాలత్ మాటే ఎత్తలేదు. ఆధార్ జిరాక్స్, రెండు ఫొటోలు తీసుకుని, 20 వేలు అడ్వాన్సుగా ఇంకెవరిదో ఫోన్‌పే నంబరుకి వేయించుకున్నాడు.

ఆయన చెప్పిన మాటలు గుర్తు పెట్టుకోండి, మీకూ ఇవే చెప్తారు. ‘కొత్త చట్టం వచ్చింది కదండీ, పాత ఐపీసీ కేసులన్నీ ఆటోమేటిగ్గా పోయాయి, కంప్యూటర్లో పేరు తీయించడమే మిగిలింది’ అన్నాడు. వినడానికి నిజంలాగే ఉంటుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ (నేర విచారణ పద్ధతి చట్టం) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) వచ్చాయి, అంతవరకు నిజం. కానీ ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత ఐపీసీ సెక్షన్లే వర్తిస్తాయి, అప్పటికే నడుస్తున్న కేసులు అలాగే నడుస్తాయి. కొత్త చట్టాల్లోనే ఆ సంగతి రాసి ఉంది. ఒక్క పాత కేసు కూడా దానంతట అది పోలేదు.

రెండో మాట, ‘పోలీసు సర్వర్లో మా మనిషి ఉన్నాడు, వారెంటు తీయించేస్తాడు’ అని. వారెంటు పోలీసులది కాదు. కోర్టు ఇచ్చింది. ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలు జరిగేదాకా అది బతికే ఉంటుంది. ఏడాది అయినా, పదేళ్లయినా కాలం చెల్లిపోదు. పాత సీఆర్‌పీసీలో 70వ సెక్షన్, ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్‌లో 72వ సెక్షన్ చెప్పేది ఇదే. ఎస్సై తలుచుకున్నా రద్దు చేయలేడు.

నాలుగు నెలలు ‘వచ్చే వారం, వచ్చే వారం’ అని తిప్పాడు. చివరికి మిగతా 18 వేలు తీసుకుని ఒక కాగితం ఇచ్చాడు. మందపాటి కాగితం, పైన రంగుల్లో మూడు సింహాల గుర్తు, కింద ఊదారంగు గుండ్రటి స్టాంపు, ‘కేసు క్లోజింగ్ సర్టిఫికెట్’ అని పెద్దక్షరాలు. అక్క దాన్ని కళ్లకద్దుకుని దేవుడి పటం వెనక పెట్టింది. ఆ కాగితం పట్టుకుని మళ్లీ పీసీసీకి వెళ్తే మళ్లీ అదే జవాబు, వారెంటు పెండింగ్.

అప్పుడు కోర్టు ఆవరణలో ప్రాక్టీసు చేసే ఒక లాయరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ ఆ కాగితాన్ని రెండు నిమిషాలు చూసి తేదీ మీద వేలు పెట్టింది. క్యాలెండర్‌లో చూడమంది. ఆదివారం. కోర్టు ఆర్డరు మీద ఆదివారం తేదీ! కేసు నంబరు ఉంది గానీ సంవత్సరం లేదు, జడ్జిగారి పేరు లేదు, సీఎన్‌ఆర్ నంబరు (ప్రతి కోర్టు కేసుకీ ఉండే ప్రత్యేక నంబరు) అసలే లేదు. అసలు ‘కేసు క్లోజింగ్ సర్టిఫికెట్’ పేరుతో ఏ కోర్టూ కాగితం ఇవ్వదట. కోర్టు ఇచ్చేది ఆర్డరు లేదా తీర్పు, దాని సర్టిఫైడ్ కాపీ, అంతే.

తర్వాత ఆవిడ నా ఫోన్ తీసుకుని ఈ-కోర్ట్స్ యాప్ వేయించింది. జిల్లా, కోర్టు ఎంచుకుని నిందితుడి పేరు కొడితే కేసు వచ్చేసింది. ఎఫ్ఐఆర్ నంబరుతో కూడా వెతకొచ్చు, 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు తెలిస్తే ఇంకా తేలిక. తర్వాతి వాయిదా ఎప్పుడు, కేసు ఏ దశలో ఉంది అన్నీ కనిపిస్తాయి. మా వాడి పేరు ఎదురుగా ‘ఎన్‌బీడబ్ల్యూ’ అని స్పష్టంగా ఉంది. పైసా ఖర్చు లేదు. ఈ పని ఐదు నెలల ముందు చేసి ఉంటే! దయచేసి ఎవరికీ రూపాయి కట్టకముందే ఇది చూడండి. ఎఫ్ఐఆర్‌లు కూడా 24 గంటల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, ఆడవాళ్ల మీద లైంగిక నేరాల్లాంటి సున్నితమైన కేసులు తప్ప.

మాకొచ్చిన పెద్ద అనుమానం మీకూ వస్తుంది. ఆ మూడు సెక్షన్లూ బెయిలబుల్ కదా, మరి నాన్ బెయిలబుల్ వారెంటు ఎలా వచ్చింది? వారెంటు నేరాన్ని బట్టి కాదు, పిలిస్తే రాకపోవడాన్ని బట్టి వస్తుంది. చిన్న కేసైనా సరే, వాయిదాలకి రాకపోతే ఆ వారెంటు ఇవ్వొచ్చు. అందుకని ఇంటికి కోర్టు కాగితం ఏది వచ్చినా చదివించుకోండి.

వారెంటు రీకాల్ (రద్దు) చేయించడం మేం భయపడినంత పెద్ద పని కాలేదు. మా వాడిని చెన్నై నుంచి పిలిపించాం. లాయరమ్మ రీకాల్ పిటిషన్ వేసింది. వాడు పొద్దున పదిన్నరకల్లా తనంతట తానే కోర్టులో హాజరయ్యాడు. పోలీసులు పట్టుకొచ్చాక నిలబడటం వేరు, మనంతట మనం వెళ్లి నిలబడటం వేరు, ఆ తేడా కోర్టులో కనిపిస్తుంది. మెజిస్ట్రేట్‌గారు ఎందుకు రాలేదని అడిగారు. చెన్నైలో ఉన్నానని, సమన్ల సంగతి తెలియలేదని చెప్పాడు. పని చేసే చోటు నుంచి తెచ్చిన కాగితం చూపించాడు. మధ్యాహ్నందాకా కూర్చోబెట్టి, కొంత ఖర్చుల కింద కట్టమని, పూచీకత్తు తీసుకుని వారెంటు రద్దు చేశారు. ప్రతి కేసులో ఇలాగే అవుతుందని చెప్పలేను, తీవ్రమైన కేసుల్లో రిమాండ్‌కి పంపే అవకాశం కూడా ఉంటుంది, మీ వకీలుతో ముందే మాట్లాడుకోండి. ఆవిడ ఫీజు, కోర్టులో కట్టింది కలిపినా ఆ దళారీకి ఇచ్చిన దాంట్లో నాలుగో వంతు కాలేదు.

ఒక్క విషయం మర్చిపోకండి. రీకాల్ ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకుని స్టేషన్‌లో ఇచ్చి, ఇచ్చినట్టు రాయించుకోండి. కోర్టులో రద్దయినా స్టేషన్ జాబితాలో పేరు అలాగే ఉండిపోతే బస్టాండులోనో ఎయిర్‌పోర్టులోనో ఆపుతారు. మా వాడు ఆ కాపీని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని జేబులోనే తిరుగుతున్నాడు.

ఇక ‘రికార్డు క్లీన్’ సంగతి. పెద్దవాళ్ల కేసుల్లో ఎఫ్ఐఆర్‌ని పుట్టనట్టు చెరిపేసే పద్ధతి మన దగ్గర లేదు. నిర్దోషి అని తీర్పు వచ్చినా ఎఫ్ఐఆర్ నమోదైన సంగతి రికార్డులో ఉంటుంది, కాకపోతే మీ చేతిలో తీర్పు ఉంటుంది, ఆ తీర్పే మీ బలం. కేసునే కొట్టేయాలంటే అమరావతి నేలపాడులోని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేయాలి, ఆర్డరు హైకోర్టు వెబ్‌సైటులో కనిపిస్తుంది. ‘క్వాష్ తెప్పించాను’ అని ఎవరైనా అంటే కేసు నంబరు అడిగి అక్కడ చూసుకోండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి మాత్రం 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కొంత రక్షణ ఇచ్చింది. చిన్నతనంలో పడిన కేసు వల్ల తర్వాత అనర్హత రాకూడదని, రికార్డులు కూడా నిర్ణీత కాలం తర్వాత తీసేయాలని 24వ సెక్షన్ చెప్తోంది, కొన్ని ఘోర నేరాలు తప్ప.

కానిస్టేబుల్, ఆర్మీ పరీక్షలకి వెళ్లే పిల్లలు మన జిల్లాల్లో ఎక్కువ. అటెస్టేషన్ ఫారంలో ‘మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా’ అని అడిగితే దాచమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. వద్దు. చిన్న కేసు అయినా ఉన్నది ఉన్నట్టు రాసినవాణ్ని తీసుకోవచ్చా లేదా అని డిపార్ట్‌మెంట్ ఆలోచిస్తుంది. దాచి దొరికితే ఆ దాచడమే ఉద్యోగానికి ఎసరు పెడుతుంది. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాలన్నీ వివరంగా చెప్పింది.

కేసు నడుస్తుండగానే పాస్‌పోర్ట్ కావాలంటే కూడా దారి ఉంది. కేసు ఉన్న కోర్టులోనే అనుమతి అడగాలి. 1993 ఆగస్టు 25 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం కోర్టు ఎంతకాలానికి అనుమతిస్తే అంతకాలానికి పాస్‌పోర్ట్ ఇస్తారు, కాలం చెప్పకపోతే ఏడాదికి.

మా కేసులోని సెక్షన్లు రాజీ పడదగ్గవి. దెబ్బలు తిన్న మనిషి ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు, అలా రాజీ అయితే చట్టం దృష్టిలో నిర్దోషిగా విడుదలైనట్టే. అక్క స్వయంగా దాయాదుల ఇంటికి వెళ్లి మాట్లాడింది. పెదనాన్న వరసయ్యే ఆ పెద్దాయన ఆధార్ పట్టుకుని కోర్టుకి వచ్చి సంతకం పెట్టాడు. బయటికి వచ్చాక మా వాడికి టీ కూడా ఆయనే ఇప్పించాడు. దీనికి దళారీ ఎందుకు? వకీలుకి డబ్బు లేనివాళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లా కోర్టుల్లో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, పిల్లలకి, వికలాంగులకి, జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలుని పెడతారు. ఈ సంగతి అక్కకి ఎవరూ చెప్పలేదు.

వాట్సాప్‌లో వారెంటు పంపి ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించేవాళ్లు వేరే రకం. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు. ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి చెప్పండి.

మేం ఫోన్‌పే వివరాలు, ఆ దొంగ కాగితం జతచేసి ఫిర్యాదు ఇచ్చాం. మొన్న మంగళవారం విజయనగరం వైపు నుంచి ఒకావిడ అక్క సంగతి విని మా ఇంటికి వచ్చింది. సంచిలోంచి మడత పెట్టిన కాగితం తీసింది. అదే మందపాటి కాగితం, అదే ఊదారంగు స్టాంపు, అదే ఆదివారం తేదీ. కొడుకు పేరు మాత్రమే వేరు. యాప్‌లో చూస్తే వాడి వారెంటు ఇంకా అలాగే ఉంది. సోమవారం పొద్దున కొడుకుని తీసుకుని కోర్టుకి వెళ్తానంది, లాయరమ్మ నంబరు రాసిచ్చాను.