ఇంట్లో కాదన్న పెళ్లి: ఆర్యసమాజమా, రిజిస్టర్ ఆఫీసా?

పోయినేడు మేం రిజిస్టర్ పెళ్లి చేసుకున్న దగ్గర్నుంచి తెలిసినవాళ్లు, వాళ్లకు తెలిసినవాళ్లు ఇదే అడుగుతున్నారు: "అక్కా, ఇంట్లో ఒప్పుకోవట్లేదు. ఆర్యసమాజంలో చేసుకోవాలా, రిజిస్టర్ ఆఫీసులోనా?" చేసుకోవాలా వద్దా అని ఎవరూ అడగరు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే ఆ నిర్ణయం వాళ్లదే. మేజర్లిద్దరూ ఇష్టపడితే చాలు, కుటుంబం అనుమతి అక్కర్లేదని 2018లో శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

మతాలు వేరై, ఎవరూ మతం మారకూడదనుకుంటే మామూలుగా పట్టే దారి 1954 నాటి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్. ఇద్దరూ హిందువులై కులాలు వేరైతేనే ఈ తర్జనభర్జన.

ఆర్యసమాజంలో పని త్వరగా అవుతుంది. హోమం, ఏడడుగులు, చేతికి సర్టిఫికెట్. తర్వాత హిందూ వివాహ చట్టం కింద సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవాలి. సర్టిఫికెట్ ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. తంతు జరగకుండా కాగితం ఒక్కటే ఉంటే అది హిందూ పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ఏడడుగుల ఫొటోలు, సాక్షుల వివరాలు భద్రంగా దాచుకోండి. గుడిలో పెళ్లికీ ఇదే చట్టం, ఇవే జాగ్రత్తలు.

రిజిస్టర్ ఆఫీసులో నేరుగా చేసుకునే పెళ్లి స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కిందే జరుగుతుంది. ఆ పేరు అనగానే అందరికీ టెన్షన్ పెళ్లికి ముందు పెట్టే నెల రోజుల నోటీసు గురించే. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులుగా ఉంటూ ఉండాలి. మన పేర్లు, అడ్రసులతో నోటీసు ఆఫీసు బోర్డు మీద అంటిస్తారు. సొంత ఊరు వేరే జిల్లాలో ఉంటే అక్కడి ఆఫీసుకీ ఒక కాపీ వెళ్తుంది. మాది తెనాలి, ఉద్యోగం హైదరాబాద్‌లో. మా ఊళ్లో ఆ బోర్డు ముందు నాన్నకు తెలిసినవాళ్లెవరో నిలబడి నా పేరు చదువుతున్నట్టు ఊహించుకుని రెండు రాత్రులు నిద్రపోలేదు.

నోటీసు ఇచ్చే ముందురోజు అమ్మకు నేనే ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అవతల కుక్కర్ విజిల్స్ వేస్తూనే ఉంది, ఆవిడ స్టవ్ ఆపలేదు. చివరికి "ఎప్పుడు పెడతారు ఆ కాగితం?" అని మాత్రం అడిగింది. నాన్న ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేశారు. అయినా ఆయన ఆ సంగతి ఇంకొకరి నోట వినాల్సిన అవసరం రాలేదు. నా వరకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. గుట్టుగా ఒక్కరోజులో చేసుకుని ఉంటే మావాళ్లకు ఆ సంగతి పెళ్లయ్యాకే, అదీ ఊళ్లోవాళ్ల ద్వారా తెలిసేది.

ఆ నెలలో ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. కానీ కులం నచ్చలేదు, మాకిష్టం లేదు అంటే చెల్లదు. ముందే పెళ్లయి భార్యో భర్తో ఉండటం, వయసు చాలకపోవడం, చట్టం ఒప్పుకోని చుట్టరికం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి లాంటివి చూపించాలి. ఆస్తిలో వాటా పోతుందన్న భయం కూడా వద్దు. ఇద్దరూ హిందువులైతే ఈ చట్టానికి 1976లో చేసిన సవరణ తర్వాత ఆ ఇబ్బంది లేదు.

అందుకే నేను రిజిస్టర్ ఆఫీసు వైపే. కానీ ఇంట్లోవాళ్లు కొడతారనో, గదిలో పెట్టి తాళం వేస్తారనో, ప్రాణాలకే ముప్పనో భయముంటే నా మాట పక్కన పెట్టండి. అప్పుడు ఆ నెల రోజులు చాలా ప్రమాదం. హిందువులైతే ఆర్యసమాజమే నయం. ముందు పోలీసు రక్షణ అడగండి, అవసరమైతే హైకోర్టుకు వెళ్లండి.

నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరిగిపోవాలి, ముగ్గురు సాక్షులు కావాలి. మాకు ఇద్దరు స్నేహితులు ఉన్నారు, మూడో సంతకానికి ఆఫీసులో పనిచేసే అన్నను రమ్మన్నాం. ఆ పొద్దున మెట్ల దగ్గర మా పిన్ని కనిపించింది. తెనాలి నుంచి రాత్రి బస్సుకి వచ్చిందట. చేతిలో చిన్న కుంకుమ భరిణె, పర్సులో ఆధార్ కార్డు. "మీ అమ్మ పంపించిందే" అంది. మూడో సంతకం ఆవిడే పెట్టింది.