లేబుల్ లెక్కా, ప్లగ్ మీటరా?

ఏ వస్తువు ఎంత కరెంటు తింటోందో తేల్చడానికి రెండు దారులున్నాయి. లేబుల్ మీది వాట్లను వాడిన గంటలతో గుణించి 1000తో భాగిస్తే యూనిట్లు వస్తాయి. లేదంటే సాకెట్‌కీ ప్లగ్‌కీ మధ్య చిన్న మీటర్ పెట్టి కొలవడం.

బల్బు, నీళ్లు కాచే రాడ్ లాంటివాటికి లేబుల్ లెక్క చాలు. 1500 వాట్ల రాడ్ 20 నిమిషాలు పెడితే అర యూనిట్, అంతే. దీనికోసం మీటర్ కొనడం దండగ.

ఫ్రిజ్ దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క బోల్తా పడుతుంది. 150 వాట్లని రాసి ఉంటే 24 గంటలకు 3.6 యూనిట్లు అనుకుంటాం. కానీ కంప్రెసర్ ఆగి ఆగి తిరుగుతుంది. మూడో వంతు సమయమే నడిస్తే 1.2 యూనిట్లే. ఎంతసేపు నడుస్తుందన్నది గది వేడిని బట్టి, మనం తలుపు తీసే తీరును బట్టి మారుతుంది (పిల్లలున్న ఇల్లయితే చెప్పక్కర్లేదు). ఇక్కడ మీటరే గతి. అదీ కనీసం ఒక రోజంతా ఉంచాలి. స్టాండ్‌బైలో పడి ఉండే సెట్‌టాప్ బాక్సు సంగతీ అంతే: ఎప్పుడూ 10 వాట్లు లాగుతుంటే 30 రోజులకు 7.2 యూనిట్లు.

ఏసీ, గీజర్లకు మాత్రం ముందు ప్లగ్ మీటర్ ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుందో చూడాలి. నేరుగా వైరింగ్‌కి కలిపి ఉంటే మిగతావన్నీ ఆపేసి మెయిన్ మీటర్ రీడింగ్ చూడటమే.

ఖర్చు కట్టేటప్పుడు, స్లాబుల పద్ధతి (వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరగడం) ఉన్నచోట సగటు రేటు వద్దు. ఆ వస్తువు ఆపితే తగ్గేవి పై స్లాబు యూనిట్లే కాబట్టి ఆ రేటుతోనే గుణించండి.