కడప నుంచి చెన్నైకి: మాల్ మధ్యలో స్క్వాష్ వరల్డ్ కప్

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను. ఆట మొదలుపెడితే మళ్ళీ ఇటు తిరిగి రాలేను.

2025 డిసెంబర్‌లో చెన్నైలో స్క్వాష్ వరల్డ్ కప్ జరుగుతుంటే చూద్దామని కడప నుంచి ఇద్దరం బయల్దేరాం. స్క్వాష్ అంటే నాలుగు గోడల మధ్య ఇద్దరు నిలబడి, రాకెట్‌తో బంతిని ఎదుటి గోడకేసి కొట్టే ఆట. నేను, పొద్దున షటిల్‌లో నాకు డబుల్స్ జోడీ అయిన అన్న. మ్యాచ్‌లు రాయపేటలోని ఎక్స్‌ప్రెస్ అవెన్యూ మాల్‌లో. నడిచిపోయేంత దగ్గర ఉంటుందని ఫోన్‌లో ఒక లాడ్జి బుక్ చేశాను. ఎప్పుడైనా దిగొచ్చని అందులో రాసుంది. తీరా శనివారం పొద్దున పోతే, పన్నెండు దాకా గది లేదన్నారు. ఇప్పుడే కావాలంటే ఇంకో ఆరు వందలు కట్టమన్నారు. రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన వాళ్ళం, కట్టాం. గదిలో ఏసీ ఉంది, రిమోట్ కౌంటర్‌లో ఉంది. కిటికీ ఉంది, తెరిస్తే పక్క బిల్డింగు గోడ. వేడినీళ్ళు ఎనిమిది లోపలే, మేం అడిగేసరికి ఎనిమిదిన్నర. అన్న తువ్వాలు భుజాన వేసుకుని, "1,800 పెట్టి చన్నీళ్ళు పోసుకోడానికి ఇంత దూరం రావాల్నా రా" అన్నాడు. జవాబు లేదు నా దగ్గర.

మధ్యాహ్నానికే అక్కడ ఖాళీ చేసి ట్రిప్లికేన్ పోయాం. అక్కడి పాత మాన్షన్లలో (చవక లాడ్జిలను అక్కడ అలా అంటారు) గది చిన్నదే, మంచానికీ గోడకీ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నడవాలి. కానీ దుప్పటి ఉతికింది, బాత్‌రూమ్ కడిగింది, కౌంటర్ దగ్గర పెద్దాయనకు తెలుగు వచ్చు. 1,200 అయింది. మాల్‌కు ఆటోలో దగ్గరే. పైగా వీధి చివర్న రత్నా కేఫ్. అక్కడ ఇడ్లీ మీద సాంబార్ పోయడం కాదు, సాంబార్‌లో ఇడ్లీని ముంచేస్తారు. ఎర్రకారం దోసెలు తిని పెరిగిన మా నాలుకకు కాస్త తియ్యగా అనిపించింది. అయినా రెండు పూటలూ అక్కడే తిన్నాం.

ప్రయాణానికి నా ఓటు రైలుకే. ముంబై వైపు నుంచి చెన్నై పోయే బండ్లు కడప, రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా పోతాయి. సుమారు 260 కిలోమీటర్లు. సెంట్రల్‌లో దిగితే కిందే మెట్రో, బ్లూ లైన్‌లో రెండో స్టేషన్ ఎల్‌ఐసీ, అక్కడి నుంచి మాల్‌కు నడక. తిరుగు ప్రయాణంలో టికెట్లు దొరక్క బస్సెక్కాం, తిరుపతి దాటేసరికి నడుము పోయింది.

ఇంతకీ ఎందుకు పోయామో చెప్పాలి కదా. మా అక్క కొడుకు చెన్నైలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. వాళ్ళ కాలేజీలో స్క్వాష్ కోర్టుంది, రెండేళ్ళుగా వాడికి అదే లోకం. "మామా, ప్రపంచ స్థాయి స్క్వాష్ రాత్రి రైలెక్కితే పొద్దునకల్లా చూడొచ్చు, రా" అన్నాడు. కడపలో ఈ మాట చెబితే షటిల్ కోర్టు దగ్గర ఒకాయన నిమ్మకాయ స్క్వాషా, నారింజదా అని అడిగాడు. ఆయన్ను తప్పుపట్టలేం.

అన్న మాత్రం ఇంకో పొరపాటుతో వచ్చాడు. ఇది మగవాళ్ళ ప్రపంచ చాంపియన్‌షిప్ అనీ, నంబర్ వన్ ఆటగాణ్ణి చూస్తామనీ అనుకున్నాడు. సెంట్రల్ దగ్గర టీ తాగుతూ మా అల్లుడు విడమరిచి చెప్పాడు. ఆ చాంపియన్‌షిప్ వేరు, అందులో ఎవరికి వారే ఆడతారు. 2025 మే నెలలో అది చికాగోలో జరిగింది. ఫైనల్లో ఈజిప్టు వాళ్ళే ఇద్దరూ. నాలుగుసార్లు గెలిచిన అలీ ఫరాగ్‌ను ముస్తఫా అసల్ ఓడించాడు, ఆ తర్వాత ఫరాగ్ రాకెట్ పక్కన పెట్టేశాడు. అంతకు ముందు ఏడాది కైరోలో అసల్‌ను ఓడించి పెరూ కుర్రాడు డియేగో ఎలియాస్ గెలిచాడు, దక్షిణ అమెరికా నుంచి అతనే మొదటివాడు. చెన్నైలో జరిగేది జట్ల పోటీ. జట్టుకు ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు, మొత్తం నాలుగు మ్యాచ్‌లు. మామూలుగా గేమ్‌కు 11 పాయింట్లు, ఇక్కడ 7 మాత్రమే. అన్న మొహం చిన్నబోయింది. "అయితే అసల్ రాడా?" రాడు. "ఫరాగ్?" ఆయనసలు మానేశాడు కదన్నా.

మాల్‌లోకి పోయాక ఆ దిగులు అయిదు నిమిషాల్లో పోయింది. చుట్టూ బట్టల షాపులు, ఎస్కలేటర్లు, పాప్‌కార్న్ వాసన. మధ్యలో నాలుగు వైపులా అద్దాలతో కోర్టు. 9.75 మీటర్ల పొడవు, 6.4 మీటర్ల వెడల్పు. మన ఇళ్ళలో రెండు గదులు కలిపితే అంత ఉంటుంది. అందులో ఇద్దరు మనుషులు ఒకరినొకరు గుద్దుకోకుండా పరుగెత్తాలి. ఆ అద్దం మామూలుది కాదు, బయటి నుంచి మనకు లోపలంతా కనిపిస్తుంది, లోపలున్నవాళ్ళకు మనం సరిగ్గా కనపడం. అందుకే జనం అటూ ఇటూ తిరుగుతున్నా వాళ్ళ చూపు చెదరదు. ఇలాంటి కోర్టుల్లో బంతి తెల్లది, మామూలు కోర్టుల్లో నల్లది.

ఎక్కడి నుంచి చూడాలన్నదానికి ఖచ్చితంగా చెబుతాను: మొదటి రోజు పై అంతస్తు రెయిలింగ్ దగ్గర నిలబడండి. పై నుంచి ఆట లెక్క అర్థమవుతుంది. కోర్టు మధ్యలో ‘టి’ ఆకారంలో గీతలు కలిసే చోటు ఉంది చూడండి, దాన్ని ఎవరు పట్టుకుంటే వాడిదే రాజ్యం. రెండోవాడు మూలలకు పరుగెత్తి చావాలి. కాళ్ళు నొప్పి పుడతాయి, షాపింగ్ బ్యాగులవాళ్ళు తోసుకుంటారు, అది వేరే సంగతి.

రెండో రోజు మా అల్లుడి కోచ్ పుణ్యమా అని కింద అద్దం పక్కనే చోటు దొరికింది. అక్కడ లెక్కలేం తెలియలేదు, మనుషులు తెలిశారు. పాయింటు అయిన ప్రతిసారీ ఆటగాళ్ళు చెమట పట్టిన అరచేతిని అద్దానికి తుడుచుకుంటారు. గేమ్ సగానికొచ్చేసరికి నడుమెత్తున వేళ్ళ ముద్రలు, చారలు. ఎదుటి గోడకు కింద రేకు ఉంటుంది, మగవాళ్ళ ప్రొఫెషనల్ ఆటలో దాని ఎత్తు 43 సెంటీమీటర్లు. బంతి దానికి తగిలితే డబ్బా కొట్టినట్టు మోత, పాయింటు పోయినట్టే. ఆ మోత వినబడ్డప్పుడల్లా అన్న "అబ్బా" అని తన తొడ మీద కాకుండా నా తొడ మీద కొట్టేవాడు.

శనివారం సెమీస్‌లో మనవాళ్ళు ఈజిప్టును 3-0తో కొట్టారు. ఇదే మాల్‌లో 2023లో కప్పు పట్టుకుపోయింది ఈజిప్టే, అప్పుడు మనకు దక్కింది కాంస్యం. ఈసారి ఈజిప్టు పెద్ద పేర్లను పంపలేదని పక్కనెవరో పెదవి విరిచారు. నిజమే, అయినా గెలుపు గెలుపే. 14న ఆదివారం హాంకాంగ్‌తో ఫైనల్. మనవైపు మొదట దిగింది జోష్నా చినప్ప. 39 ఏళ్ళ మనిషి, ర్యాంకులో తనకన్నా ఎంతో పైనున్న అమ్మాయితో ఆట. మొదటి గేమ్ 7-3, రెండోది 2-7. అప్పుడు మా వరుసలో ఒక్కరూ మాట్లాడలేదు, టెన్షన్‌తో అల్లుడు గోళ్ళు కొరుక్కుంటున్నాడు. మూడోది 7-5, నాలుగోది 7-1. తర్వాత అభయ్ సింగ్ మూడు గేమ్‌ల్లో ముగించాడు. 17 ఏళ్ళ అనాహత్ సింగ్ కూడా అంతే, కాబట్టి వేలవన్ సెంథిల్‌కుమార్ దిగాల్సిన పనే పడలేదు. ఇండియా మొదటిసారి ఈ కప్పు గెలిచింది. పై అంతస్తుల నుంచి వచ్చిన ఆ కేక ఇంకా చెవుల్లో ఉంది.

సోమవారం పొద్దున బస్సుకు టైముందని నెహ్రూ పార్కులోని స్క్వాష్ అకాడమీ వైపు పోయాం. బయటి నుంచి చూడడం వరకే. ప్రత్యేకించి దానికోసం పోనక్కర్లేదు, మెట్రోలో సెంట్రల్ నుంచి రెండు స్టేషన్లే కాబట్టి చెబుతున్నా. తిరిగొచ్చేటప్పుడు యాప్‌లో టాక్సీ బుక్ చేస్తే ఇద్దరు వరుసగా క్యాన్సిల్ కొట్టారు. ఆటోనే నయం, బేరం ముందే ఆడుకోండి. డిసెంబర్‌లో వానకు గ్యారంటీ లేదు, గొడుగు పెట్టుకోండి. తిండి, గదులు, ప్రయాణం అన్నీ కలిపి ఇద్దరికీ ఆరు వేల చిల్లర అయింది, అందులో ఆ మొదటి లాడ్జి తిన్నది లేకపోతే ఇంకా తగ్గేది.

అన్న ఊరికే రాలేదు. పెద్ద ఆటగాళ్ళు వాడే, రెండేసి పసుపు చుక్కలుండే స్క్వాష్ బంతులు ఒక జత కొనుక్కొచ్చాడు, అల్లుడి పాత రాకెట్ అడిగి తెచ్చుకున్నాడు. మరుసటి రోజు సాయంత్రం వాళ్ళింటికి పోతే, కాంపౌండ్ గోడకేసి కొడుతున్నాడు. ఆ బంతి వేడెక్కితే తప్ప ఎగరదు, ఆటగాళ్ళు మొదట్లో కాసేపు ఊరికే కొట్టేది అందుకే. అన్న పావుగంట నుంచి కొడుతున్నాడు, అది మాత్రం గోడకు తగిలి కాళ్ళ దగ్గరే చతికిలబడుతోంది.

లోపలి నుంచి వదిన కేకేసింది: "ఆ గోడకు మొన్ననే సున్నం కొట్టించినాం, మర్చిపోయినావా?"

అన్న అరచేతిని గోడకు తుడుచుకుని మళ్ళీ బంతి ఎత్తుకున్నాడు.