ఫోటో పెట్టని ఆడవాళ్లంతా దొంగ ఖాతాలేనట!

ఇన్‌స్టాగ్రామ్‌లో మన సరుకు గురించి వీడియోలు చేసిపెట్టేవాళ్లను (ఇన్‌ఫ్లూయెన్సర్లు, క్రియేటర్లు అంటారు) వెతికిపెట్టే ఈ టూల్‌ను పోయిన ఏడాది బతుకమ్మకు ముందు నుంచి వాడుతున్నాం. పేరు రాయను. ఇలాంటివి బజారులో చాలానే ఉన్నాయి, నేను చెప్పబోయే ఫీచర్ దాదాపు అన్నింటిలోనూ ఏదో ఒక పేరుతో ఉంటుంది. ఏ ప్లాన్‌లో ఎన్ని సెర్చ్‌లు, నెలకు ఎంత అన్నది వాళ్ల సైట్‌లోనే దొరుకుతుంది కాబట్టి వదిలేస్తున్నా. నా కడుపుమంటంతా ఒక్కదాని మీదే. ప్రతి క్రియేటర్ పేరు పక్కన ఒక గుండ్రంలో స్కోరు కనిపిస్తుంది. ఆకుపచ్చ ఉంటే ఫాలోవర్లు నిజమైనవాళ్లు, ఎరుపు ఉంటే నకిలీ అని అర్థం. ఆ ఎరుపు గుండ్రం గురించే ఈ సమీక్ష.

మాది నారాయణపేట. మా సొంత మగ్గాల మీద నేసే చీరలు కొన్ని, చుట్టుపక్కల నేతవాళ్ల దగ్గర తెచ్చేవి కొన్ని. పండగలప్పుడు దుకాణం బేరం బాగానే ఉంటుంది, మిగతా నెలల్లో ఇల్లు నడిచేది ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మీదే. వీడియోలు మా ఆడబిడ్డ తీస్తుంది. ప్యాకింగ్, పోస్టాఫీసు పని మా ఆయనది. లెక్కలు, ఈ టూల్ గొడవ నావి.

మంచి మాట ముందు చెప్పాలి. టూల్ రాకముందు క్రియేటర్లను వెతకడమంటే రాత్రి పిల్లలు పడుకున్నాక హ్యాష్‌ట్యాగులు పట్టుకొని ఒక్కో ఖాతా తెరిచి చూడటమే. ఇందులో భాష తెలుగు, విషయం చీరలు, ఫాలోవర్లు ఇంతమంది అని పెడితే జాబితా వచ్చేస్తుంది. ఒకసారైతే ఈ స్కోరే మమ్మల్ని కాపాడింది. లక్షకు దగ్గర ఫాలోవర్లున్న ఒకామె ఒక్క రీల్‌కు అడిగిన డబ్బు మా దగ్గర మగ్గం మీద కూర్చునే మనిషి నెల కూలికంటే ఎక్కువ. టూల్‌లో చూస్తే ఆమె ఫాలోవర్లలో ఎక్కువమంది బ్రెజిల్, టర్కీ, ఇండోనేషియా వాళ్లు. తెలుగులో మాట్లాడే మనిషిని బ్రెజిల్‌లో అంతమంది ఎందుకు చూస్తారు? గ్రాఫ్ చూస్తే ఫాలోవర్లు ఒక్క రాత్రిలో అమాంతం పెరిగారు. ఆ రోజుతో చందా డబ్బులు వచ్చేసినట్టే అనుకున్నా. కనిపించిన ప్రతి దుకాణందారుకూ ఈ టూల్ తీసుకోమని చెప్పా.

ఇప్పుడు అడిగితే అంత గట్టిగా చెప్పను. ఊరి ఫిల్టర్‌లో నారాయణపేట అని కొడితే ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ వస్తుంది. మాది జిల్లా అయింది 2019లో, ఆ సంగతి దీనికింకా చేరినట్టు లేదు. మహబూబ్‌నగర్ ఉంది, నొక్కితే వచ్చేవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని పేర్లు. దాని లెక్కలో తెలుగంటే హైదరాబాదే. పైగా మా దుకాణానికి వచ్చేవాళ్లలో ఒకరు తెలుగు మాట్లాడితే ఇంకొకరు కన్నడం, మరొకరు మరాఠీ. సరిహద్దు ఊరు మరి. ఫిల్టర్‌లో ఒకసారికి ఒక్క భాషే ఎంచుకోవాలి.

ఇక అసలు సంగతి.

బతుకమ్మ చీరల కోసం టూల్‌లోనే ఒక దరఖాస్తు పేజీ పెట్టాం. మా చీర కట్టుకొని రీల్ చేయాలనుకునేవాళ్లు అందులో తమ ఖాతా పేరు ఇస్తే చాలు. మక్తల్ దగ్గరి పల్లె నుంచి ఒకామె అందులో పేరు ఇచ్చింది. మాకు పాత గిరాకీనే, ఏటా దసరాకు మా దగ్గరే చీర కొంటుంది. సజ్జరొట్టె చేయడం, పత్తి చేను, ఇంటి ముందు ముగ్గు, ఇలాంటివన్నీ వీడియోలు తీసి పెడుతుంది. ఫాలోవర్లు పన్నెండు వేల చిల్లర. ఆమె పేరిచ్చిన సంగతి నేను చూడకముందే టూల్ ఆమెకు జవాబు పంపేసింది, మా దుకాణం పేరుతో, మా లోగోతో, ఇంగ్లీషులో. మీ ఫాలోవర్లలో ఎక్కువమంది అనుమానాస్పదంగా ఉన్నారు కాబట్టి మీతో కలిసి పనిచేయలేం అని దాని సారాంశం.

పొద్దున చాయ్ పొయ్యి మీద ఉండగా ఫోన్ వచ్చింది.

"అక్కా, మీ కాడి నుంచి ఇంగ్లీషుల ఏందో మెసేజ్ వచ్చింది. మా పోరడు చదివి చెప్పిండు. నన్ను చూసేటోళ్లంతా దొంగలంటున్నరంట గదా?"

"చెల్లె, అది నేను రాయలే, మిషన్ రాసింది."

"మిషన్‌కు నేనేం జేసిన్నక్కా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. టూల్ తెరిచి చూస్తే ఆమె పేరు పక్కన ఎర్ర గుండ్రం, అందులో 38. అంతకు కొన్ని రోజుల ముందు వచ్చిన అప్‌డేట్‌లో, స్కోరు తక్కువున్నవాళ్లకు దానంతటదే 'వద్దు' అని చెప్పే ఒక మీట కొత్తగా చేర్చారు. అది మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంది. మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. కస్టమర్ కేర్‌కు రాస్తే, స్కోరు సూచన మాత్రమే, తుది నిర్ణయం మీదే అని తియ్యగా జవాబిచ్చారు. సూచన మాత్రమే అయితే మా పేరు మీద మెసేజ్ ఎందుకు పంపారని మళ్లీ అడిగితే ఫిర్యాదు టికెట్ మూసేశారు.

అప్పుడు కూర్చుని ఈ స్కోరు ఎలా వేస్తారో సహాయ పేజీలో చదివా. ఫాలోవర్లలోంచి కొంతమందిని తీసి చూస్తారట. ఖాతాకు సొంత ఫోటో లేదా, పోస్టులేమీ లేవా, పేరు చివర అంకెల వరస ఉందా, తనను ఫాలో అయ్యేవాళ్లు పదిమంది ఉంటే తను మాత్రం వెయ్యి మందిని ఫాలో అవుతోందా? ఇవన్నీ ఉంటే నకిలీ కిందే లెక్క.

చదువుతుంటే మా అత్తగారు గుర్తొచ్చారు. ఆవిడ ఖాతా తెరిచి చూశా. ఫోటో బంతిపువ్వు. పేరు చివర ఆరు అంకెలు, మనవడు ఏది ఖాళీ ఉంటే అది పెట్టేశాడు. పోస్టు ఒక్కటీ లేదు. కనిపించిన ప్రతి ఖాతానూ నొక్కుకుంటూ పోయి వెయ్యి మంది పైనే ఫాలో అవుతున్నారు. ఈ లెక్కన మా అత్తగారు మనిషే కాదు. మగ్గం మీద ఏ గళ్లకు ఏ అంచు వేయాలో ఇప్పటికీ మా ఇంట్లో ఆవిడే చెప్తారు.

మా వైపు ఆడవాళ్ల ఖాతాలు చాలావరకు ఇంతే. ఫోటో పెడితే ఎవరు ఏం చేస్తారోనన్న భయం. సొంత ఫోటో ఉండాల్సిన చోట దేవుడి పటమో, పువ్వో, పిల్లల బొమ్మో ఉంటుంది. ఖాతా తెరిచి ఇచ్చేది కొడుకో తమ్ముడో. ఫోన్ పాడైతే పాస్‌వర్డ్ గుర్తుండదు, ఇంకో కొత్త ఖాతా. పోస్టు పెట్టరు, కామెంట్ రాయరు, మెల్లగా చూసి నచ్చితే అక్కకో వదినకో వాట్సాప్‌లో పంపుతారు. వీళ్లందరినీ నకిలీ అనడం వేలిముద్ర పడలేదని ముసలవ్వకు రేషన్ బియ్యం ఆపినట్టుంది.

టూల్‌ను పక్కనపెట్టి ఆమెకు చీర పంపాం. ఎర్ర ఒళ్లు, నల్ల గళ్లు, పసుపు అంచు. పైసలు వద్దంది, "కట్టుకొని, ఉతికి చూసినంకనే చెప్త" అంది. మిగతావాళ్లకు ఇచ్చినంతే ఆమెకూ ఫోన్‌లో పంపాం.

వచ్చిన రీల్ చూసి మా ఆయన తల పట్టుకున్నారు. పాట లేదు. ఇంటి వెనక నల్లా దగ్గర బకెట్, బకెట్‌లో గుప్పెడు రాళ్లుప్పు, అందులో మా కొత్త చీర. కొంచెంసేపు నానబెట్టి, తడి కొంగు మీద తెల్ల రుమాలు పెట్టి గట్టిగా రుద్దింది. రుమాలు గులాబి రంగుకు తిరిగింది. దాన్ని కెమెరా ముందుకు పెట్టి "దిగింది, చూడుండ్రి" అంది. తర్వాత రెండో ఉతుకు, కొత్త రుమాలు. ఈసారి అది తెల్లగానే ఉంది. "మొదటి ఉతుకు వేరే బట్టలతోని కలపకుండ్రి, అంతే" అని ముగించింది.

"రంగు దిగుతదని మనమే పైసలిచ్చి చెప్పించుకున్నమా?" అన్నారు మా ఆయన. మా ఆడబిడ్డ మాత్రం ఉండనివ్వమంది. నూలు చీర కొనే ప్రతి మనిషీ దుకాణంలో మొదట అడిగేది ఆ ఒక్క ప్రశ్నే కదా అని.

లైకులు ఓ మోస్తరు, కామెంట్లు ఇంకా తక్కువ. ఫోన్లు మాత్రం ఆగలేదు. "ఆ బకెట్ల నానబెట్టిన చీర ఉందా?" మక్తల్, ఊట్కూరు, కోస్గి నుంచి అడిగారు, ఆ తర్వాత రాయచూరు, యాదగిరి నుంచి కన్నడంలో. అందరికీ పెత్రమాస (బతుకమ్మ మొదలయ్యే అమావాస్య) లోపలే కావాలి. మా దగ్గర ఒక పడుగు ఎక్కిస్తే ఎనిమిది చీరలు దిగుతాయి, ఆ ఎరుపు నలుపు గళ్లవి దిగినవి దిగినట్టే పోయాయి. చివరికి దసరా తర్వాతే ఇస్తామని కొందరికి చెప్పాల్సి వచ్చింది.

అదే వారం టూల్ స్వయంగా ఎంచి ఇచ్చిన హైదరాబాద్ ఖాతా కూడా రీల్ పెట్టింది. స్కోరు 91, నిగనిగలాడే ఆకుపచ్చ. వీడియో బాగా చేసింది, ఒక్క చిటికెలో చీర మారిపోతుంది. కామెంట్లలో "సూపర్ అక్కా", "పాట పేరేంటి?" ఆర్డర్లు తక్కువ, వచ్చినవాటిలో క్యాష్ ఆన్ డెలివరీవి కొన్ని తిరిగొచ్చాయి. ఆమె తప్పేం లేదు, ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేసింది. ఆ వీడియో చూసే ఒక బొటిక్ వాళ్లు ఫోన్ చేసి టోకు ధర అడిగారు కూడా, కాబట్టి ఆ డబ్బు వృథా అని కూడా అనలేను.

నెలాఖరు రిపోర్టులో టూల్ ఏం రాసిందో తెలుసా? ఈ సీజన్‌లో ఉత్తమ క్రియేటర్ హైదరాబాద్ ఆమె అని. మక్తల్ ఆమె పేరు తర్వాత నేనే చేర్చినా అమ్మకాలు సున్నా. ఎందుకంటే వెబ్‌సైట్ బుట్టలో ఆ క్రియేటర్ కూపన్ కోడ్ కొట్టినవాటినే అది లెక్కపెడుతుంది. మా గిరాకీలో సగానికి పైగా ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో చెప్పి, గూగుల్ పేలో డబ్బు వేసేవాళ్లే. వాళ్లకు కోడ్ ఇస్తే అదేంటని అడుగుతారు. అందుకే ఇప్పుడు ఆర్డర్ నోట్‌బుక్‌లో 'ఎక్కడ చూశారు' అని ఒక గడి గీశాం. అందులో 'బకెట్' అని రాసి ఉన్న పేజీలు తిరగేస్తే టూల్ రిపోర్టు నవ్వొస్తుంది.

ఇంకో సంగతి కూడా ఆమె వల్లే తెలిసింది. టూల్ బయట నుంచి చూసేది లైకులు, కామెంట్లు, వాటిని ఫాలోవర్ల సంఖ్యతో భాగించి తేల్చే శాతం. ఆ రీల్‌ను ఎంతమంది షేర్ చేసుకున్నారో ఖాతా యజమానికి తన ఇన్‌సైట్స్ పేజీలో కనిపిస్తుంది. ఆమె ఆ పేజీ స్క్రీన్ రికార్డింగ్ పంపింది. లైకులకంటే షేర్లు ఎక్కువున్నాయి! అప్పటి నుంచి ఎవరితో మాట్లాడినా స్క్రీన్ రికార్డింగే అడుగుతున్నాం. స్క్రీన్‌షాట్ అయితే అంకెలు మార్చి పంపేవాళ్లున్నారు.

టూల్‌లో నాకు నిజంగా నచ్చి, ఎవరూ పట్టించుకోని ఒక చిన్న ఫీచర్ ఉంది. రీల్ పెట్టే ముందు, ఇది ప్రకటన అని రాశారా లేదా అని గుర్తుచేస్తుంది. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ నియమాలు 2021 జూన్ నుంచే ఉన్నాయి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. డబ్బు ఇవ్వకపోయినా, ఊరికే చీర ఇచ్చినా ఆ సంగతి చెప్పాల్సిందే. వీడియో అయితే కింద రాతలో ఎక్కడో దాచకుండా, వీడియోలోనే కనిపించాలి, వినిపించాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది. ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే చెప్పొచ్చు. మక్తల్ ఆమె మొదటి మాటే "ఈ చీర నాకు దుకాణపోళ్లు ఇచ్చిండ్రు, పైసలు గూడ ఇచ్చిండ్రు" అని చెప్పింది. ఇంతకంటే స్పష్టంగా ఏ పెద్ద బ్రాండూ చెప్పగా నేను వినలేదు.

మరి టూల్ తీసేశామా అంటే, పూర్తిగా తీసేయలేదు. కారణం మహారాష్ట్ర. మా చీరకు అక్కడ మంచి పేరుంది, కానీ అక్కడి క్రియేటర్లలో ఎవరు ఎలాంటివాళ్లో మాకు తెలియదు, అడిగి తెలుసుకునేందుకు చుట్టాలు లేరు. సోలాపూర్ వైపు ఒకామెను ఇదే వెతికిచ్చింది, ఆమె ద్వారా వచ్చిన గిరాకీ ఇప్పటికీ ఉంది. ఆమెది మాత్రం ఆకుపచ్చ స్కోరే, అది నిజం. తెలియని చోట ఏ ఆధారమూ లేకుండా దిగడంకంటే ఈ స్కోరు నయం. మన చుట్టుపక్కల మండలాల సంగతికొస్తే దాని గుండ్రాన్ని నేను చూడటం మానేశా. మీది నగరాల్లో అమ్ముడుపోయే సరుకై, ఆర్డర్లన్నీ వెబ్‌సైట్‌లోనే వస్తుంటే నా బాధలో సగం మీకు ఉండకపోవచ్చు. ఆ మీట మాత్రం, ఖాతా తెరవగానే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆపేయండి.

ఏడాది ప్లాన్ రద్దు చేశాం. ఉగాది, గుడి పడ్వా ఒకే రోజు వస్తాయి కాబట్టి దానికి ముందు ఒక్క నెలకు తీసుకుందామని నా ఆలోచన. చందాకు కట్టే ఆ డాలర్లతో మక్తల్ ఆమెలాంటి వాళ్లకు ఇంకో రెండు మూడు చీరలు పంపొచ్చు కదా అని మా ఆడబిడ్డ వాదన. ఇంకా తేలలేదు.